ముందు బ్రేకు, ఆ తర్వాతే రంగు

అమెరికాలో పాత పికప్ ట్రక్కు మీద మనసుపడ్డవాళ్లు చాలామంది ముందు రంగు ఎంచుకుంటారు. తర్వాత చక్రాలు, ఆ తర్వాత ఇంజను. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ అవుతుంది. బండి షెడ్డులో దిమ్మెల మీద నిలబడిపోతుంది, విప్పిన సామాను డబ్బాల్లోకి వెళ్తుంది, కొన్నేళ్లకు ఎవరో వచ్చి ఆ డబ్బాలతో సహా కారుచవకగా తోలుకుపోతారు. డబ్బు చాలక ఆగిన పనులని వీటికి పేరు. నిజానికి లోపం ఖర్చుపెట్టిన వరసలో ఉంటుంది. వరస సరిగ్గా ఉంటే మామూలు జీతగాడు కూడా యాభై ఏళ్ల నాటి ట్రక్కును రోడ్డెక్కించగలడు. ఆ బండికి ప్రదర్శనల్లో బహుమతులు రావు. రావాల్సిన అవసరమూ లేదు.

పికప్ పుట్టిందే పనిబండిగా. 1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. అంతకుముందు జనమే కార్ల వెనక భాగం కోసి చెక్కపెట్టెలు బిగించుకునేవారు. ఆ పనిని కంపెనీ ఫ్యాక్టరీలోకి తెచ్చింది. జాన్ స్టెయిన్‌బెక్ 1939 నాటి నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’లో జోడ్ కుటుంబం కాలిఫోర్నియాకు వలస వెళ్లేది అలా కోసి ట్రక్కుగా మార్చిన హడ్సన్ కారులోనే. దారిలో తోటి కుటుంబం కారుకి కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతే, టామ్, ఆల్ అన్నదమ్ములిద్దరూ పాత సామాన్ల యార్డులో వెతికి, అదే రకం బండి నుంచి కావలసినది విప్పుకొచ్చి తామే బిగిస్తారు. తక్కువ డబ్బుతో బండి కట్టడం గురించి అంతకన్నా నిజాయితీగా రాసిన పేజీలు అరుదు. అలాంటి వంశంలోని బండిని అద్దంలా తోమి, మబ్బు పడితే షెడ్డులోంచి తీయకుండా దాచుకునేవాళ్లను చూస్తే కాస్త జాలేస్తుంది.

ఏ బండి తీసుకోవాలన్నది మొదటి ప్రశ్న. 1953 నుంచి 1956 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-100 అందగత్తె. ఆ అందానికే ధర పెరిగిపోయింది. కొద్ది డబ్బుతో దిగేవాడికి 1967–72 మధ్య వచ్చిన షెవర్లే సీ10 గాని, అదే కాలపు ఎఫ్-100 గాని మేలు. ఇవి లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి. తలుపు రబ్బరు మొదలుకొని ముందు గ్రిల్లు దాకా కొత్తగా పోతపోసి అమ్మే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. ఎల్ఎంసీ ట్రక్ వాళ్ల క్యాటలాగు చూస్తే ట్రక్కునంతా విడిభాగాలతోనే కట్టేయొచ్చు అనిపిస్తుంది. సీ10కి ఇంకో సుగుణం ఉంది. మన లారీలవాళ్లు కమాను కట్టలనే పట్టీల బదులు దీనికి వెనక కూడా కాయిల్ స్ప్రింగులే ఉంటాయి కాబట్టి ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడదు. ఫోర్డ్ అభిమానులు దీనికి బదులుగా తమ 300 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను చూపిస్తారు. వాళ్లదీ న్యాయమే. 1965లో మొదలై 1996 దాకా తయారైన ఆ ఇంజనులో తెగిపోవడానికి టైమింగ్ చైను కూడా లేదు, పళ్ల చక్రాలే.

బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం వినడం కంటే మోకాళ్ల మీద కూర్చుని అడుగు చూడటం ముఖ్యం. ఇంజను బోరుకొస్తే ఎంత అవుతుందో మేస్త్రీ ముందే లెక్క చెప్పగలడు. తుప్పుకి అలాంటి లెక్క లేదు. ఒక రేకు పీకితే దాని వెనక ఇంకోటి పొడిపొడిగా రాలుతుంది. తలుపుల కింది పట్టీలు, క్యాబిన్ వెనక మూలలు, కాళ్లు పెట్టే అడుగు రేకు, వాన నీరు జారే పైకప్పు అంచు: ఈ నాలుగు చోట్ల చేయి పెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, అది కిందనుంచి బళ్లను తినేస్తుంది. అరిజోనా, న్యూ మెక్సికో ఎండకు సీట్లు చిరుగుతాయి, డ్యాష్‌బోర్డు పగులుతుంది, రేకు మాత్రం నిలుస్తుంది. సీటు కుట్టించుకోవడం రేకు అతికించడం కన్నా ఎన్నో రెట్లు తేలిక. అందుకే దూరాభారమైనా, ట్రెయిలర్ కిరాయి పెట్టుకునైనా, ఎడారి బండినే తెచ్చుకోవడం చివరికి చవక. నిగనిగలాడే కొత్త రంగుతో అమ్మకానికొచ్చిన బండిని మరింత అనుమానించాలి. పైన పటారం, లోన లొటారం అనే మాట ఇలాంటి బళ్లను చూసే పుట్టిందా అనిపిస్తుంది.

ఇక బ్రేకులు. 1967కు ముందటి చాలా ట్రక్కుల్లో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ లైను, మాస్టర్ సిలిండర్లో ఒకే గది. ఎక్కడ లీకైనా పెడల్ నేలకు ఆనుతుంది, బండి ఆగదు. 1967 సీ10కి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది కానీ, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు 1971లో గాని రాలేదు. కాబట్టి ఒకే రూపం ఉన్న 1970 బండికీ 1971 బండికీ మధ్య బడ్జెట్ బిల్డర్‌కు తేడా చాలా పెద్దది. రెండోది కొంటే సగం పని ఫ్యాక్టరీయే చేసిపెట్టినట్టు. మొదటిది చేతిలో ఉంటే 1973–87 నాటి షెవర్లే పికప్ నుంచి ముందు క్రాస్‌మెంబర్‌ను డిస్క్ బ్రేకులు, కంట్రోల్ ఆర్ములతో సహా విప్పి తెచ్చి బిగించుకునే పద్ధతి ఒకటి బాగా వాడుకలో ఉంది. స్క్రాప్ యార్డు ధరకు ఇంత పెద్ద మెరుగు మరోచోట దొరకదు. చిక్కేమిటంటే 1970 దాకా సీ10 చక్రాలకు ఆరు బోల్టులు, ఆ తర్వాత అయిదు. ముందు భాగం మారిస్తే ముందొక రకం, వెనకొక రకం చక్రాలు అవుతాయి. వెనక ఇరుసు సంగతీ చూడాలి. ఇదంతా ముందే కాగితం మీద రాసుకున్నవాడికి ఖర్చు, రాసుకోనివాడికి దెబ్బ. రెండూ పడనివాడు ఉన్న డ్రమ్ములనే లేతు పట్టించి, కొత్త లైనింగులు, వీల్ సిలిండర్లు, హోస్ పైపులు వేసుకున్నా నిదానంగా తిరిగే బండికి సరిపోతుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి ఆ ధూళిని గాలిపైపుతో ఊదకుండా తడిపి తుడవాలి.

సీ10లో, ఆ కాలపు చాలా పికప్‌లలో, పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే సీటు వెనక ఉంటుంది. మనిషికీ పెట్రోలుకీ మధ్య సీటు పరుపు ఒక్కటే అడ్డు. దాన్ని తొట్టి కిందికి మార్చే సరంజామా అమ్ముతారు. క్రోమ్ బంపర్ కొనే ముందు అది కొనాలి. నడుముకి మాత్రమే ఉండే పాత బెల్టు తీసి భుజం మీదుగా వచ్చే బెల్టు బిగించాలి. ఈ బళ్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, రావు కూడా.

వాదన అంతా వచ్చేది ఇంజను దగ్గరే. 1999 నుంచి షెవర్లే సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల వీ8 ఇంజన్లు స్క్రాప్ యార్డుల్లో విరివిగా దొరుకుతాయి. శక్తి ఎక్కువ, తిప్పలు తక్కువ, ధర అందుబాటులో. పాత ట్రక్కు కనిపిస్తే చాలు, అది వేసేయమని సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ ఇంజను మంచిదన్న మాటలో అబద్ధం లేదు. చవకన్న మాటలోనే మెలిక. కార్బురేటర్ బండి పంపు ఇచ్చే ఒత్తిడి ఆ ఇంజనుకు ఏ మూలకూ చాలదు, ఎలక్ట్రిక్ పంపు కావాలి, దాన్ని ఇముడ్చుకునే ట్యాంకో లైనో కావాలి. కంప్యూటరు కావాలి, అందులో ఉండే దొంగతనం అడ్డుకునే లాకు తీయించాలి, వైరింగ్ కట్టను విప్పి అక్కర్లేనివి కత్తిరించాలి. ఆయిల్ ప్యాను క్రాస్‌మెంబర్‌కు తగులుతుంది. కొత్త గేరుబాక్సు పొడవు తేడా కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు కోయించి బ్యాలెన్స్ చేయించాలి. పాత స్పీడోమీటరు తీగ ఇక పనికిరాదు. రేడియేటరు, సైలెన్సరు పైపులు, ఇంజను దిమ్మెలు, అన్నీ కొత్తవే. చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్టు, ఇంజను ధరను దాని పక్క సరంజామా మింగేస్తుంది. వెల్డింగూ వైరింగూ తనకే వచ్చినవాడి లెక్క వేరు. పనిని గంటల లెక్కన గ్యారేజీకి ఇచ్చేవాడికి ఇది బడ్జెట్ దారి ఎంతమాత్రం కాదు.

అతనికి అతి చవక ఇంజను ఇప్పటికే బానెట్ కింద ఉంది. సీ10లో తరచూ కనిపించే 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను చుట్టూ ఉన్న ఖాళీలో మనిషి దిగి నిలబడొచ్చు. పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు మార్చి, కార్బురేటరు విప్పి కడిగి, వాల్వులు సర్దితే చాలావరకు లేచి కూర్చుంటుంది. హైవే మీద ఎగిరిపోదు. సోఫా మోయడానికి, మట్టి తోలడానికి, ఆదివారం ఊరవతలి దాకా పోయి రావడానికి నాలుగు వందల గుర్రాలు ఎందుకో అడిగితే, సూటిగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. పైగా కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బళ్లకు పొగ పరీక్ష మినహాయింపు ఉంది. పాత ఇంజనునే ఉంచుకున్నా ఆ బాధ లేదు.

రంగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండకు వెలిసిన అసలు రంగును అలాగే వదిలేయడం ఇప్పుడు ఫ్యాషను కూడా అయింది. డబ్బున్నవాళ్లు పెయింటరుకు పెద్ద మొత్తాలిచ్చి కొత్త రేకు మీద దొంగ తుప్పు వేయించుకుంటున్నారు. పేదవాడికి ఉచితంగా దొరికినది కొనుక్కోవడం అంటే ఇదే కాబోలు. రేకులో చిల్లు లేనంతకాలం రంగు ఆగగలదు.

బండిని ఎప్పుడూ పూర్తిగా విప్పకపోవడం ఇంకో జాగ్రత్త. ఒక వారాంతం బ్రేకులు, ఇంకో వారాంతం స్టీరింగు, ప్రతి పనికీ చివర బండి మళ్లీ నడవాలి. చాసిస్ మీద నుంచి బాడీ ఎత్తేసిన బడ్జెట్ బళ్లు చాలావరకు మళ్లీ దిగవు. అదీగాక టెక్సస్‌లోనూ ఇతరచోట్లా మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కొత్త కాలనీల్లో కదలని బండిని వాకిట్లో ఉంచకూడదనే నిబంధన మామూలే. నడిచే పాత బండికి ఎవరూ నోటీసు పంపరు.

ఇదంతా చాదస్తమనీ, ఆ డబ్బు పెట్టి కొత్తది కొనుక్కోవచ్చనీ అనేవాళ్లుంటారు. కొత్త బండి సగటు ధర ఇప్పుడు అమెరికాలో 50 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. పికప్‌లు లగ్జరీ కార్ల బరువూ ధరా తెచ్చుకున్నాయి. 2025లో స్లేట్ అనే కంపెనీ చేత్తో తిప్పే కిటికీలతో, రేడియో లేకుండా, రంగు వేయని ఒక చిన్న ఎలక్ట్రిక్ పికప్‌ను ప్రకటిస్తే అంత సంచలనమైంది అందుకే. యాభై ఏళ్ల క్రితం మామూలుగా దొరికినదాన్ని జనం మళ్లీ అడుగుతున్నారు.

మన దేశంలో పాత ట్రక్కులు ఇలా రోడ్డెక్కకపోవడం పని చేతకాక కాదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో బళ్లు బిగించింది. ప్రీమియర్ కంపెనీ అక్కడి కుర్లాలో డాడ్జి, ఫార్గో లారీలు తయారుచేసింది. పాత లారీ డ్రైవర్ల నోట ఆ పేర్లు ఇంకా వినిపిస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో చాసిస్ మీద బాడీ కట్టే మేస్త్రీలు, రేకు సాగగొట్టే టింకర్లు చేసే పనికి అమెరికాలో గంటకు ఎంత తీసుకుంటారో తెలిస్తే నవ్వుకుంటారు. అడ్డం వచ్చేది కాగితం. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది: 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాల నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు. మంచిదే. అయితే ఆ నిర్వచనంలో ఉన్నవి ద్విచక్ర వాహనాలు, ప్రయాణికుల కార్ల తరగతి మాత్రమే. సరుకు మోసే బండికి చోటు లేదు. చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. ప్రదర్శనకో ర్యాలీకో మరమ్మతుకో తప్ప రోజువారీగా నడపకూడదు. మహారాజుల రోల్స్ రాయిస్‌కు ఇది చక్కగా అతుకుతుంది. ధాన్యం మోసిన ఫార్గోకు అతకదు. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. రవాణా శాఖ ఒక నోటిఫికేషన్‌తో తేలికపాటి సరుకు బళ్ల ఎన్1 తరగతినీ, పెద్ద లారీలనూ ఆ జాబితాలో చేర్చవచ్చు. కిరాయికి తిప్పనంతవరకు సొంత పనికి నెలకు ఇన్ని కిలోమీటర్లని అనుమతీ ఇవ్వవచ్చు. బ్రేకుల తనిఖీ ఎంత కఠినంగా పెట్టినా అభ్యంతరం ఉండదు.