వెండి జోళ్లకు కెంపురంగు

సుడిగాలిలో కొట్టుకొనిపోయి ఓజ్ దేశమున పడిన డోరతీ యను బాలిక తొడిగిన మంత్రపు జోళ్ల రంగేదియని ఆ కథ నెరిగినవారి నెవరినైనను అడిగి చూడుడు. ఎరుపనియే చెప్పుదురు. చెప్పుటయేగాక, వానిమీది చమ్కీలు దీపపు వెలుతురున ఎట్లు తళతళలాడినవో కన్నులకు కట్టినట్లు వర్ణింతురు. కాని కథ వ్రాసిన ఫ్రాంక్ బామ్ వానిని వెండి జోళ్లనెను. 1900 సంవత్సరమున చికాగో నగరమున వెలువడిన ఆ పుస్తకమున ఆ జోళ్లు మొదటినుండి తుదివరకు వెండివే. 1938లో హాలీవుడ్డున ఆ కథను చలనచిత్రముగా తీయబూనిన ఎం.జి.ఎం. కంపెనీవారు, టెక్నికలర్ ఫిల్మునందు వెండికన్న కెంపు మిన్నగా మెరయునని రంగు మార్చిరి.

జోడు రంగు మారినంతమాత్రమున కొంపలు మునిగినవా యని చదువరులు నవ్వవచ్చును. మేమును తొలుత నవ్వితిమి. ఆ జోళ్ల వెంబడి కొంతదూరము నడచిన పిదప మా నవ్వు చల్లారినది. సర్వజనుల సొత్తైన యొక కథ ఒక కంపెనీ ప్రహరిగోడ లోపలికి ఎట్లు చేరునో తెలిసికొనగోరువారికి ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము మాకు కానరాలేదు.

ముందుగా ఆ పుస్తకమునుగూర్చి చెప్పవలెను. బామ్ మాటలు వ్రాయగా, విలియం వాలేస్ డెన్‌స్లో యను చిత్రకారుడు బొమ్మలు వేసెను. ఇరువదినాలుగు రంగుల పటములు, పుటపుటకు నడుమను అంచులను పరుగులెత్తు నూటికి మించిన చిన్న బొమ్మలు. అంతటి రంగుల పుస్తకమునకు పెట్టుబడి పెట్టుటకు ప్రకాశకులు జంకగా, రంగుపటముల అచ్చుదిమ్మెల ఖర్చును గ్రంథకర్తయు చిత్రకారుడును తామే భరించిరి. స్వామ్యమును ఇరువురు పంచుకొనిరి. ఈ విషయమును మేము గట్టిగా చెప్పుటకు కారణము కలదు. డెన్‌స్లో కూలికి కుంచె పట్టినవాడు కాడు. కథలో సగపాలు గలవాడు. (కథను 1902లో నాటకముగా ఆడించినప్పుడు ఆ సగపాలే కలహమునకు కారణమై మిత్రులిద్దరును విడిపోయిరి. డెన్‌స్లో తనకు వచ్చిన సొమ్ముతో బెర్ముడా ప్రాంతమున నొక చిన్న దీవిని కొని, తన్ను తానే రాజుగా ప్రకటించుకొనెనట! 1904 నుండి ఓజ్ పుస్తకములకు జాన్ నీల్ అను మరియొక చిత్రకారుడు బొమ్మలు వేసెను.)

డెన్‌స్లో గీతలు బిగువైనవి, పొదుపైనవి. జపాను కొయ్యచ్చు పటముల చాయ వానిలో కనబడును. కాన్సాసు మైదానము వచ్చునప్పుడు పుటలలో మట్టిరంగు; మంచ్‌కిన్ల సీమలో నీలము; మరకతనగరమున ఆకుపచ్చ; వింకీల దేశమున పసుపు; దక్షిణదేశమున ఎరుపు. చదువు రాని పసివాడు సైతము పుట త్రిప్పగనే తానే సీమలో నున్నాడో యెరుగును. అక్షరములమీదుగానే బొమ్మల రంగు ప్రాకుచుండును. డోరతీ ఐదారేండ్ల పాప వలె, బొద్దుగా, రెండు జడలతో నుండును. పడమటి మంత్రగత్తెకు ఒకటే కన్ను, మూడు పిలకలు, చేత నొక గొడుగు. ఆ మంత్రగత్తె ఆకుపచ్చనిదని బామ్ వ్రాయలేదు. రేకుమనిషి తలమీది గరాటు టోపీ మాత్రము బామ్ మాటలలో లేనిది. అది డెన్‌స్లో కల్పన. చదువరులు ఆ గరాటును జ్ఞాపకముంచుకొనవలెను.

1939 ఆగస్టున చలనచిత్రము విడుదలయ్యెను. దాని యందమును మేము కాదనము. జూడీ గార్లండ్ పాడిన పాట విని కరగనివాడు రాయి. కాన్సాసు సెపియా గోధుమవన్నెలో నుండి, తలుపు తెరచినంతనే రంగుల లోకము కన్నులముందు నిలుచు ఘట్టము ఆ కళలో మరపురానిది. అయినను ఆ ఊహకు మొలక ఎచ్చటిది? కాన్సాసును వన్నెలేని బూడిదగా వర్ణించినది బామ్. పుటల రంగు మార్చి దేశము మార్చినది డెన్‌స్లో. రేకుమనిషి తలమీద ఆ గరాటే కూర్చుండెను. పుచ్చుకొనుట తప్పని మేమనము. కథలన్నియు ఒకరినుండి యొకరు పుచ్చుకొన్నవే. పుచ్చుకొన్నవాడు పిదప గడియ వేసికొనుటయే మా ఫిర్యాదు.

చిత్రము తీసివేసినవానిని చూడుడు. పసిపాపకు మారుగా పదునారేండ్ల నటీమణి వచ్చెను. కథలో ఓజ్ నిజమైన దేశము; పాప తన తెలివితోను నేస్తముల తోడ్పాటుతోను దానిని దాటి నిజముగానే ఇల్లు చేరును. చిత్రములో అది కల. పెద్దలు మంచముచుట్టు చేరి నీవు చూచినదంతయు లేనిదే, తలకు దెబ్బ తగిలి పలవరించితివని నచ్చజెప్పుదురు. అన్నిటికన్న మాకు బాధాకరమైనది కండ్లజోడు మాయమగుట. బామ్ కథలో మరకతనగరము వాకిట కావలివాడు వచ్చినవారి కెల్ల ఆకుపచ్చ అద్దముల కండ్లజోడు తగిలించి తాళము వేయును. లోనివారికి సర్వమును ఆకుపచ్చగానే కనబడును. తుదకు మాంత్రికుడు తానే యొప్పుకొనును: ఈ పట్టణము తక్కిన పట్టణములకన్న పచ్చనిదేమియు గాదని. ప్రభువులు ప్రజల కన్నులకు తాళము వేయు విధమును పిల్లలకు ఇంత సులభముగా, ఇంత నవ్వుచు చెప్పిన కథ మరియొకటి దొరకుట దుర్లభము. చిత్రము ఆ కండ్లజోడును పారవైచి గోడలనే ఆకుపచ్చ చేసినది.

ఇక 1956వ సంవత్సరమునకు వచ్చెదము. అప్పటి అమెరికా చట్టము ప్రకారము ఏబదియారేండ్ల గడువు నిండి, బామ్ పుస్తకము ఆ యేట సర్వజనుల సొత్తయ్యెను. ఎవరైనను అచ్చువేయవచ్చును, మార్చవచ్చును, ఆడవచ్చును. ఆ యేడే నవంబరు 3వ తేదీన చలనచిత్రము మొట్టమొదట టెలివిజనులో ప్రసారమయ్యెను. 1959 నుండి అది ఏటేటి పండుగ వలె ఆ దేశపు ఇండ్లలో స్థిరపడెను. కథకు సంకెల వీడిన యేడే కన్నులకు సంకెల పడెను! పుస్తకమును స్వేచ్ఛగా అచ్చువేయగల ప్రకాశకుడు తన పుస్తకమున వెండి జోళ్లు వేసినచో, ఇది తప్పుబొమ్మయని పిల్లలు గునియుదురు. ఎర్రజోళ్లు వేసినచో కంపెనీవారి వకీలు వచ్చును. ఎటుపోయినను గుమ్మము మూసియే యున్నది.

వకీలు వచ్చుననుట మా ఊహ కాదు. చిత్రమునకు ముందుగా పంచిపెట్టిన ప్రచారపటములు స్వామ్యప్రకటన లేకుండ అచ్చయినందున వానికి యజమాని లేడు. వానిని బట్టలమీదను పెట్టెలమీదను అచ్చొత్తి అమ్మిన వ్యాపారులపై, చిత్రస్వామ్యము చేతికి వచ్చిన వార్నర్ కంపెనీవారు వ్యాజ్యము వేసిరి. 2011లో అమెరికా ఎనిమిదవ మండలపు అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ పటమును ఉన్నదున్నట్లు అచ్చొత్తుకొనవచ్చునట. కాని దాని ప్రక్కన చిత్రములోని మాట నొకదానిని చేర్చినను, దానిని బొమ్మగా మలచినను నేరమట; ఏలనన, చిత్రము పాత్రలకిచ్చిన రూపవిశేషములు చిత్రయజమానివట. చట్టపు తర్కము మాకు తెలియక కాదు. క్రొత్తగా చేర్చినదానికి మాత్రమే రక్షణ యని న్యాయమూర్తులందురు. ప్రపంచమెల్ల ఆ చేర్పునే అసలుగా నమ్మియున్నప్పుడు, చేర్పునకు రక్షణ యనగా అసలుకు సమాధియే గదా!

డిస్నీ కంపెనీ అనుభవమును చూడుడు. 1985లో ఆ కంపెనీ ఓజ్ కథలలో మరియొక చిత్రమును తీసెను. పుస్తకముల హక్కు చేతనున్నను, ఎర్రజోళ్లను చూపుటకు ఎం.జి.ఎం. వారికి రుసుము చెల్లింపవలసివచ్చెను. ఆ చిత్రమున రేకుమనిషి, దిష్టిబొమ్మ పాతపుస్తకముల బొమ్మలకు చేరువగా నుండిరి. చిత్రము ఆడలేదు. దానికి పలు కారణము లుండవచ్చును గాని, అసలురూపమును చూచి ఇవి మా రేకుమనిషియు దిష్టిబొమ్మయు కావని జనులు మొగము త్రిప్పుకొనుటయు నొకటని మేము తలంతుము. కన్నబిడ్డ ఇంటికి వచ్చినను గుర్తుపట్టని తల్లివంటి స్థితి యిది.

ఆ ఎర్రజోళ్లలో నొక జత 2005లో మినెసోటాలోని యొక ప్రదర్శనశాలనుండి దొంగిలింపబడి, 2018లో దొరకెను. అవి నిజమైన కెంపులని దొంగ భ్రమించెనట. తీరా చూడగా చమ్కీలు, గాజుపూసలు. 2024 డిసెంబరులో అదే జత వేలమున రెండుకోట్ల ఎనుబదిలక్షల డాలర్లకు పోయెను. రుసుములు కలిపిన మూడుకోట్ల ఇరువదియైదులక్షలు. దొంగ యెంత అమాయకుడు!

చిత్రమును తీసినవారికి ప్రతిఫలము వలదాయని కొందరు మమ్మడుగుదురు. వలయును. 1939లో తీసినవారికి చట్టమిచ్చిన వాగ్దానము గరిష్ఠముగా ఏబదియారేండ్లు. ఆ లెక్కకు 1995లో ఆ చిత్రమును ప్రజలకు విడిచిపెట్టవలసియుండెను. 1976లో చట్టము మార్చి డెబ్బదియైదేండ్లు చేసిరి. 1998లో మరల మార్చి తొంబదియైదు చేసిరి. ఇప్పుడు 2035 జనవరి 1వ తేదీవరకు ప్రజలు కాచుకొనియుండవలెను. పందెము సాగుచుండగా గెలుపుగీతను రెండుమారులు వెనుకకు జరిపినవారిని మన వీథిపిల్లలు ఏ పేరున పిలుతురో చదువరు లెరుగుదురు.

యజమాని యుండిననే కళ చెడిపోక నిలుచునని మరియొక వాదము. 2025 ఆగస్టునుండి లాస్ వేగసు నగరమున స్ఫియర్ అను మహాగోళపు తెరమీద ఈ చిత్రమునే ప్రదర్శింపజొచ్చిరి. నూటరెండు నిమిషముల చిత్రమును సుమారు డెబ్బదియైదు నిమిషములకు కోసిరి. తెర పెద్దది గనుక, పాత ఫిల్ము చట్రమునకు వెలుపల నున్న భాగమును, నటుల శరీరములతో సహా, కృత్రిమమేధ యంత్రముచేత కల్పింపజేసిరి. తీసినవారిలో ప్రధానులెవరును బ్రతికిలేరు గనుక అడుగవలసిన పనియు లేకపోయెను. ఒక చొక్కామీద చిత్రములోని మాట నొకదానిని అచ్చొత్తినవానిని న్యాయస్థానమున కీడ్చినవారు, తామే నాలుగవపాలు కోసి అవతల పారవైచిరి. రక్షణ యెవరికి, ఎవరినుండి?

రూపము స్థిరపడుట లోకసహజమందురు. నిజమే. మాయాబజారు (1957) చూచిన తెలుగువాడు కృష్ణుని తలచుకొన్నచో నందమూరి తారకరామారావు కిరీటమే కన్నులలో మెదలును. దానికి మేము విచారింపము. ఏలనన, ఆ కిరీటము వంటిదానిని అట్టముక్కతో చేసికొని పల్లెలో కృష్ణవేషము కట్టిన కుఱ్ఱవానికి ఏ కంపెనీయు నోటీసు పంపినట్లు మేము వినలేదు. అతని ప్రక్కనే మరియొక వాడు మరియొక విధమున వేషము కట్టవచ్చును. భేద మందున్నది.

ఈ కథకే మరియొక గతి పట్టియుండవచ్చుననుటకు రష్యా సాక్ష్యము. 1939లోనే మాస్కోలో అలెగ్జాండర్ వోల్కోవ్ ఈ కథను తన భాషలో మరల వ్రాసెను. 1959లో లియొనీద్ వ్లదీమిర్‌స్కీ దానికి క్రొత్తబొమ్మలు వేసెను. ఆ కథలో బాలిక పేరు ఎల్లీ; ఆమె జోళ్లు నేటికిని వెండివే. హాలీవుడ్డు నీడ పడనిచోట బామ్ వెండి మాయలేదు.

మన సంగతి యేమి? తెలుగుపిల్లలలో ఈ కథ నెరిగినవారు దానిని ముందుగా ఎరుగుట తెరమీదనే. పుస్తకము పిదప వచ్చిన వచ్చును, రాకున్న లేదు. మన దేశపు చట్టమున చలనచిత్రములకు స్వామ్యపు గడువు అరువదియేండ్లు. గ్రంథములకును బొమ్మలకును కర్త మరణానంతరము అరువదియేండ్లు. డెన్‌స్లో 1915లోను, బామ్ 1919లోను గతించిరి. వారి మాటలను, వారి బొమ్మలను తెలుగున అచ్చువేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఇట్లుండగా, ఈ కథను వేయబూనిన ప్రకాశకులు అట్టమీద ఎర్రజోళ్లను, ఆకుపచ్చమోమును తెచ్చిపెట్టుట యెందుకు? డెన్‌స్లో గీతలను వేయుడు. కాదేని మన చిత్రకారులకు మూలకథను చదివి వినిపించి, తెరను చూడవలదని చెప్పి, క్రొత్తగా వేయింపుడు. గ్రంథాలయముల కార్యదర్శులు ఈ పుస్తకమును కొనునపుడు జోళ్ల రంగు చూచి కొనవలెను. వెండిరంగు సిరాకు ఖర్చెక్కువయని ప్రకాశకులు మొరపెట్టుకొన్నచో, ఆ తావును తెల్లగా విడిచిపెట్టుడు. రంగు పిల్లలు వేసికొందురు.