నాలుగు వేల రాజీతో సైకిల్‌వాడికి అన్యాయం



చలికాలం వచ్చిందంటే మా అరకులోయలో తెల్లవారకముందే కార్ల బారులు మొదలవుతాయి. మాడగడ మేఘాలు చూడాలని వాళ్ల తొందర. అదే మంచులో కూరగాయల మూట కట్టుకుని, లైటు లేని సైకిల్ మీద సంతకు పోయేవాడూ ఉంటాడు. వాణ్ణి కారు గుద్దితే ఊరి పెద్దలు కూర్చుంటారు. "కేసంటే కోర్టుల చుట్టూ తిరగాలి, నీ వల్ల కాదురా" అంటారు. కారు యజమాని చేతిలో పెట్టిన మూడో నాలుగో వేలతో వ్యవహారం ముగుస్తుంది.

పెద్దల మనసు మంచిదే కావచ్చు. కానీ ఈ రాజీ వల్ల బాధితుడు పోగొట్టుకునేదెంతో వాళ్లకు తెలిసినట్టు లేదు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తీవ్రంగా గాయపడితే 2.5 లక్షలు, చనిపోతే 5 లక్షలు రావాలి. తప్పెవరిదన్న ప్రశ్నే లేదు, కాబట్టి సైకిల్‌కు లైటు లేదన్న సాకు చెల్లదు. ఆ డబ్బు కట్టాల్సింది కారుకున్న థర్డ్ పార్టీ బీమా. బీమా లేని జీపువాళ్లే రాజీకి ఎక్కువ తొందరపడటంలో వింతేమీ లేదు.

జరిగిన నష్టం అంతకన్నా పెద్దదైతే 166వ సెక్షన్ ఉంది. పరిహారాన్ని వైకల్యం శాతాన్నే పట్టుకుని లెక్కగట్టకూడదని, దానివల్ల ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కొండల్లో ఈ మాటకు విలువ ఎక్కువ. సదరం వైకల్య పత్రంలో 30 శాతం అని రాసిన కాలితో ఆఫీసు గుమస్తా ఉద్యోగం చేసుకోగలడు. మిరియాలు కోయడానికి సిల్వర్ ఓక్ ఎక్కేవాడికి ఆ కాలితో బతుకుతెరువే పోతుంది.

గుద్దిన బండి ఏదో తేలకపోతే మాత్రం 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద తీవ్ర గాయానికి 50 వేలే. బండి నంబరు దొరకకపోతే 2 లక్షలు తగ్గినట్టే! గంజాయి కోసం ఘాట్ రోడ్డులో బండ్లు ఆపి సోదా చేసే పోలీసులు, సైకిల్‌ను గుద్ది దిగిపోయిన కారు దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు. నెలలోగా బండి తేలకపోతే ఈ పథకం గురించి బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా తెలియజేయాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా.

ప్రమాదం జరిగిన పూట ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారని అడుగుతారు. గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు 1.5 లక్షల చికిత్స నగదు కట్టకుండానే అందేలా కేంద్రం 2025 మేలో పథకం తెచ్చింది.

ఇక కోర్టు ఖర్చంటారా, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలోనే ఉంది. పాడేరు ఐటీడీఏ, న్యాయసేవాధికార సంస్థ కలిసి కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడగల పారాలీగల్ వలంటీరును సంత రోజున అరకులో కూర్చోబెట్టాలి. ప్రమాద గాయాలతో ఆసుపత్రికి ఎవరొచ్చినా ఎఫ్ఐఆర్ నమోదై, దాని ప్రతి వాళ్ల చేతికి రావాలి. అది లేకపోతే క్లెయిమ్ నిలబెట్టడం కష్టం. పైగా 166 కింద దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. కాలు కట్టు విప్పి మళ్లీ నడక అలవాటయ్యేసరికే అందులో సగం పోతుంది. అందుకే గాయపడినవారి ఇంటివాళ్లు ముందు న్యాయసేవల నంబరు 15100కు ఫోన్ చేయాలి. పెద్దమనుషుల దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, డుంబ్రిగుడ మండలం