నెల తప్పడం తప్పు కాదు

మా ఇంట్లో అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. అమ్మమ్మ "నెల తప్పింది" అంటుంది. నాన్నమ్మ "నాళ్ తళ్ళి పోచ్చు" అంటుంది, అంటే రోజు జరిగిపోయిందని. మన మాటలో మాత్రం "తప్పు" వినబడుతుంది. పెళ్ళయినవాళ్ళు నెల తప్పితే స్వీట్లు పంచుతారు, కానివాళ్ళయితే తలుపులు వేసుకుని మాట్లాడతారు. అందుకే ఈ విషయం ఎవరినీ అడగలేం.

మా పెద్దమ్మ కూతురి సంగతి చెప్తాను. రాయమని తనే అంది. బిడ్డకి పది నెలలు. పాలిస్తున్నాను కదా, నెలసరి రాకపోవడం మామూలే అనుకుంది. వాంతులైతే పెద్దమ్మ పైత్యం అంది. తీరా స్కానింగ్ చేయిస్తే అయిదో నెల! పాలిచ్చే రోజుల్లో నెలసరి మళ్ళీ రాకముందే గర్భం రావచ్చని తనకెవరూ చెప్పలేదు. రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు కూడా ఆలస్యంగానే మొదలుపెట్టారు. బాబు బాగానే ఉన్నాడు. కానీ అక్క ఇప్పటికీ అంటుంది: "ముందే తెలిసుంటే ఏం చేసేదాన్నో నాకూ తెలీదే. ఆలోచించుకోడానికి టైమైనా ఉండేది."

ఆ టైము మెడికల్ షాపులో వంద రూపాయల లోపే దొరుకుతుంది. గర్భం వస్తే హెచ్‌సీజీ అనే హార్మోను మూత్రంలోకి వస్తుంది. కిట్ దాన్నే పట్టుకుంటుంది. రావలసిన తేదీ దాటాక, పొద్దున్నే మొదటి మూత్రంతో చేస్తే మంచిది. ఎన్ని చుక్కలు వెయ్యాలో, ఎన్ని నిమిషాలకు చూడాలో ప్యాకెట్ మీద ఉంటుంది. సి దగ్గర ఒక్క గీతే వస్తే లేనట్టు. టి దగ్గర కూడా వస్తే, అది లేతగా ఉన్నా సరే, ఉన్నట్టు. సి దగ్గర గీతే రాకపోతే ఆ కిట్ పనిచెయ్యలేదు. లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారం తర్వాత మళ్ళీ చూడాలి. ఉందని వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొత్తికడుపులో విపరీతమైన నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు.

తొందరగా తెలియడం ఎందుకంటే, ఉంచుకోవాలనుకుంటే ఫోలిక్ యాసిడ్, పరీక్షలు వెంటనే మొదలుపెట్టొచ్చు. వద్దనుకుంటే చట్టం ఉంది. 2021 సవరణ ప్రకారం, చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు తమ సమ్మతి ఒక్కటే కావాలి, భర్త సంతకం అక్కర్లేదు. పేరు బయటపెట్టకూడదు. పెళ్ళి కాలేదని తేడా చూపకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వారాలు గడిచేకొద్దీ దారులు తగ్గుతాయి. మాత్రలతో అయ్యేది తొలి వారాల్లోనే, అదీ డాక్టరు చూసి ఇస్తేనే. షాపులో అడిగి కొనుక్కుని మింగడం ప్రమాదం.

"ఇవన్నీ చెప్తే ఆడపిల్లలు చెడిపోతారు" అనేవాళ్ళుంటారు. థర్మామీటరు కొంటే జ్వరం వస్తుందా? మన క్లాసులోనే పెళ్ళయి, పుస్తకాలతో పాటు వంటపనీ మోస్తూ వస్తున్నవాళ్ళున్నారు. పెళ్ళికాని వాళ్ళకు భయం ఇంకా ఎక్కువ. నెలసరి ఆలస్యమవడానికి థైరాయిడ్, పీసీఓడీ లాంటి కారణాలూ ఉంటాయి. ఏ కారణమో తెలీక మూడు వారాలు నిద్రపోకుండా గడపడం దేనికి?

అందుకే మేడమ్‌లకి ఒక మనవి. మన ఫస్ట్ ఎయిడ్ రూములో నాప్కిన్ల పక్కనే నాలుగు కిట్లు పెట్టించండి. తీసుకున్న అమ్మాయిని పేరు అడగొద్దు, ఎందుకని అడగొద్దు. అడిగితే ఎవరూ తీసుకోరు.

ఇక స్నేహితురాళ్ళకి: నెల తప్పిందని ఎవరైనా మీతో చెప్తే, "ఎవరు? ఎలా?" అని మొదలుపెట్టకండి. "పద, షాపుకి నేనూ వస్తాను" అనండి.