రంపం అద్దెకు దొరుకుతుంది, కాలు దొరకదు

ఒకప్పుడు గట్టు మీద తుమ్మచెట్టు కొట్టాలంటే ఇద్దరు మనుషులు, రెండు గొడ్డళ్లు, ఒక పూట పని. ఇప్పుడు పెట్రోలు రంపం వచ్చాక అదే చెట్టు పది నిమిషాల్లో నేల మీద ఉంటోంది. తుళ్లూరు, తాడికొండ వైపు కంప కొట్టేవాళ్లు, ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ నరికేవాళ్లు, పొగాకు బ్యారన్లకు పుల్ల చేర్చేవాళ్లు, అందరి చేతుల్లోనూ ఈ రంపమే. మంచిదే. కూలీలు దొరకని రోజుల్లో యంత్రం వద్దనే రైతు ఎవరున్నారు? కాని దాన్ని మనం వాడుతున్న తీరు మాత్రం మంచిది కాదు. లుంగీ ఎగగట్టి, హవాయి చెప్పులేసుకుని, మెడలో తువ్వాలు, నోట్లో బీడీతో రంపం పట్టుకున్న మనిషిని చూసి కూడా ఎవరూ ఏమీ అనడం లేదు. ఇక అనాలి.

మన ప్రాంతానికి ఈ మాట మరీ అవసరం. 2015లో రాజధాని కోసం తుళ్లూరు చుట్టుపక్కల రైతులు భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2019 తరువాత పనులు ఆగిపోవడంతో పత్తి, మిర్చి పండిన నేలలు కూడా కంపచెట్లతో నిండిపోయాయి. 2024 ఆగస్టులో ప్రభుత్వం జంగిల్ క్లియరెన్స్ పేరుతో పెద్ద యంత్రాలు పెట్టి కొట్టించింది. అయితే సర్కారు తుమ్మ సంగతి రైతులకు చెప్పక్కర్లేదు. 1870ల దశకంలో జమైకా విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటిన చెట్టు ఇది. పైన కొట్టేస్తే మోడు నుంచి నాలుగు పిలకలు వేస్తుంది. కాబట్టి గట్ల మీద, కాలవల వెంట, ఖాళీ ప్లాట్లలో ఈ కంప కొట్టే పని ఏటా ఉండేదే. పెద్ద యంత్రం పోలేని చోటికి రంపమే పోవాలి.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన మొద్దును తొలిచే పురుగును గమనించాడు. అది కుడికీ ఎడమకీ కోరలు ఆడిస్తూ కట్టెను తినేస్తోంది. ఆ కోరలను చూసే ఆయన రంపం గొలుసుకు కొత్త పళ్లు తయారుచేశాడు. ఈనాటి గొలుసులు ఆ వరసలో వచ్చినవే. పూర్తి వేగంలో ఆ గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరిగెడుతుంది. తొడకు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేలోపు ఎముక దాకా పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం రంపం వెనక్కి తన్నడం. బారు కొస పైభాగం ఏ మొద్దుకో, కొమ్మకో తగిలిందంటే రంపం ఒక్కసారిగా లేచి మనిషి ముఖం మీదికో, మెడ మీదికో వస్తుంది. దీనికోసమే ముందు పిడి దగ్గర చేతికి అడ్డుగా బ్రేకు పెట్టారు. రంపం ఎగిరినప్పుడు అది పడి గొలుసు ఆగుతుంది. ఆ అడ్డు విరిగిపోయిన రంపాన్ని అద్దెకు తేవద్దు. ఇచ్చేవాడు ‘ఏముందిలే, నడుస్తుంది’ అంటాడు. నడుస్తుంది గాని ఆగదు, మనకు భయం అక్కడే.

సర్కారు తుమ్మలో ఇంకో తంటా ఉంది. ఒకే మొదలు నుంచి అయిదారు కాండాలు వంకర్లు తిరిగి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. వంగిన కొమ్మ విల్లులా బిగిసి ఉంటుంది. దాన్ని ఒక్క దెబ్బన కోస్తే ఎగిరి ముఖానికి కొడుతుంది. వంపు లోపలి వైపు నుంచి కొంచెం కొంచెంగా గాట్లు పెట్టి బిగువు తగ్గించాకే కొయ్యాలి. ముందు కత్తితో సన్నకంప తీసి కాలు పెట్టే చోటు శుభ్రం చేసుకోవాలి.

పట్టే పద్ధతి

రంపాన్ని గాల్లో వేలాడదీసి తాడు లాగడం మన దగ్గర అలవాటు. అది మానుకోండి. నేల మీద పెట్టి, బ్రేకు వేసి, వెనక పిడిలో కాలు పెట్టి తొక్కిపట్టి తాడు లాగాలి. కోసేటప్పుడు రెండు చేతులూ రంపం మీదే ఉండాలి, ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరగాలి. భుజం ఎత్తుకు మించి కొయ్యవద్దు. నిచ్చెనెక్కి కొయ్యనే వద్దు.

చెట్టు పడగొట్టే ముందు అది ఎటు వాలి ఉందో, గాలి ఎటు ఉందో, కరెంటు తీగలు ఉన్నాయో చూడాలి. పక్కకు వెనగ్గా తప్పుకోవడానికి రెండు దారులు చేసుకోవాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం లోపల ఎవరూ ఉండకూడదు. పుల్ల ఏరే ఆడవాళ్లు, మేకలు కాసే పిల్లలు దగ్గరికి రాకుండా ఒక మనిషిని పెట్టాలి. పడాల్సిన వైపు కాండంలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు నోరు తెరిచినట్టు గాటు తియ్యాలి. తరువాత వెనక నుంచి, గాటు అడుగు కన్నా కాస్త పైగా కొయ్యాలి. మొత్తం కోసెయ్యకుండా మందంలో పదో వంతు వదలాలి. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు అది అలాగ. బందు తెగితే చెట్టు దాని ఇష్టం వచ్చినట్టు పడుతుంది.

రంపానికీ సేద్యం కావాలి

ఇది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులో ఆయిలు కలపకపోతే పిస్టన్ పట్టేస్తుంది. కంపెనీ 50కి 1 అని చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని చెబితే 40 మిల్లీలీటర్లు కొలత ప్రకారం కలపాలి. గొలుసుకు వేసే ఆయిలు వేరే ట్యాంకు. అందులో ట్రాక్టరు నుంచి తీసిన నల్ల ఆయిలు పోస్తే మిగిలేదేమీ లేదు, బారూ గొలుసూ అరిగిపోతాయి. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమ పీలుస్తుంది. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. వేడి ఇంజనులో పెట్రోలు పొయ్యవద్దు. చల్లారాక పోసి, నాలుగు అడుగులు అవతలికి జరిగాకే స్టార్టు చెయ్యాలి. బీడీ సంగతి వేరే చెప్పాలా?

గొలుసు చేత్తో లాగితే తేలిగ్గా జరగాలి, బారు కింద వేలాడకూడదు. గాలి ఫిల్టరు రోజూ దులపాలి. రంపం కింద రవ్వలు పడుతుంటే పళ్లు పదునుగా ఉన్నట్టు. పిండిలాగా పొడి రాలుతుంటే ఆకురాయి పెట్టాల్సిందే. ఆ గొలుసుకు చెప్పిన సైజు గుండ్రటి ఆకురాయితో, ప్రతి పన్నుకూ ఒకే కోణంలో, అన్నేసి సార్లు రుద్దాలి. మొద్దుబారిన రంపాన్ని మనిషి బలం పెట్టి నొక్కుతాడు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఖర్చు ఎవరిది?

అసలు మాట ఇది. రంపం అద్దెకిచ్చేవాడు రంపం మాత్రమే ఇస్తాడు. రైతు టన్నుకింత అనో, ఎకరాకింత అనో గుత్త మాట్లాడతాడు. గుత్త పని గనక కూలి తొందరపడతాడు. కాలు తెగితే పోయేది కూలి ఇంట్లో కూడు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్టు, చెవులకు మూతలు, ముందు భాగం గట్టి బూట్లు, గొలుసు తగిలితే దారాలు చుట్టుకుని ఆపేసే కాలి తొడుగు, ఇవన్నీ కొనుక్కోమని రోజు కూలికి చెప్పడం న్యాయం కాదు. రంపంతో పాటు ఈ సామాను కూడా అద్దెలోనే కలిపి ఇవ్వాలి. సామాను లేకుండా రంపం ఇస్తే రైతు తీసుకోకూడదు. ఆ నాలుగు రూపాయలు రైతే భరించాలి. చేను మనది, పని మనది.

ప్రభుత్వం వంతు కూడా ఉంది. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువయ్యాక 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. తయారీదారు, అమ్మేవాడు, వాడించేవాడు ముగ్గురి మీదా బాధ్యత పెట్టింది, నష్టపరిహారం కూడా చెప్పింది. గ్రామాల్లో వాడే ఇతర యంత్రాలను చేర్చడానికీ అందులో వీలుంచారు. పెట్రోలు రంపాన్నీ ఆ కోవలోకి తెమ్మని అడగడంలో తప్పేముంది? పక్కనే ఉన్న లాం ఫారంలో విత్తనాల మీద, తెగుళ్ల మీద రైతులకు చెబుతారు. రంపం పట్టేవాళ్లకు ఒక్క పూట శిక్షణ పెడితే ఎంతో మేలు.

అంతవరకు ఆగక్కర్లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు చాలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, ఒక కాలో చెయ్యో పోతే లక్ష వస్తుంది. ఆస్పత్రి ఖర్చు రాదు, అది గుర్తుంచుకోవాలి. మీ చేలో రంపం పట్టే మనిషికి ఆ 20 రూపాయలు కట్టించి పని మొదలుపెట్టించండి. ఒంటరిగా పంపవద్దు, పక్కన ఫోను ఉన్న మనిషి ఒకరుండాలి. గాయమైతే పసుపు, కాఫీపొడి అద్దుతూ కూర్చోక శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమిపట్టి 108కి ఫోను చెయ్యాలి. ఈసారి కంప కొట్టడానికి మనిషి వచ్చినప్పుడు గుత్త ఎంత అని అడిగే ముందు అతని కాళ్ల వంక ఒకసారి చూడండి. చెప్పులుంటే ఆ రోజు పని ఆపెయ్యండి.