అడవిపై నెవరి మాట చెల్లవలెను?

మా సంతోష్‌నగరునకు తూర్పున, వనస్థలిపురమునందు, హరిణ వనస్థలి కలదు. ఒకప్పు డది నిజాము ప్రభువుల వేటభూమి. నేడు జింకలకు రక్షణస్థానము. మేము విద్యార్థులతో నచటికి బోయి, టిక్కెట్లు గొని లోనికేగి, సాయంకాలమునకు మరలి వత్తుము. నగరవాసులకు అడవి యనగా నింతియే. కాని ఇప్పపూవును, తునికాకును, తేనెను నమ్ముకొని యడవిలోనే జీవించువారి మాట యేమి?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఆదిలాబాదు సీమలో గోండులు దున్నుకొను భూములు రక్షితారణ్యములలో జేర్పబడగా, వారు నెలవులు గోల్పోయిరి. కొమురం భీము తిరుగబడి, 1940లో జోడేఘాటునొద్ద ప్రాణములు విడిచెను. అటుపిమ్మటనే నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫు పండితునిచే గోండుల స్థితిగతులను విచారింపజేసెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసెను. ఉపాధ్యాయవృత్తిలోనున్న మాకు ఈ సంగతి మిక్కిలి ప్రియమైనది. అయినను, ఆ విచారణ ముందే జరిగియుండిన రక్తపాతము తప్పెడిది గదా!

1992లో వనసంరక్షణ సమితుల పద్ధతి వచ్చినది. గ్రామస్థులు అడవిని గాచి, ఫలసాయములో వంతు పొందవలెనని యేర్పాటు. మంచిదే, కాని యది ప్రభుత్వపు టుత్తరువువలన గలిగినది, హక్కువలన గాదు. కాపలా గ్రామమునది, పెత్తనము కచ్చేరిది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ లోపమును దిద్దినది. సామూహిక వనమును కాపాడుకొని, పెంచుకొని, నిర్వహించుకొను హక్కు గ్రామసభకు లభించినది. చట్టము 2007 డిసెంబరు 31న అమలులోనికి వచ్చినది.

“వారి చేతికిచ్చిన నడవి మిగులునా?” యని కొందఱందురు. పోడువలన కొన్నిచోట్ల అడవి తఱిగినమాట నిజమే. దానిని మేము దాచము. అయితే ఆ చట్టమే వన్యమృగములను, నీటివనరులను కాపాడు భారమును గూడ గ్రామసభపై నుంచినది. 2013లో ఒరిస్సాలోని నియమగిరియందు పండ్రెండు గ్రామసభలును బాక్సైటు త్రవ్వకమును నిరాకరించి కొండను నిలుపుకొన్నవి. రేపు తనది కాదనుకొన్నదానిని నేడు శ్రద్ధతో గాచువా డెవడు? పాఠశాలతోటలో సయితము, తరగతికి స్వంతమని యిచ్చిన మడియే పచ్చగా నుండును.

2023లో తెలంగాణమున పోడుభూములకు పట్టాలు పంచబడినవి, సంతోషము. కాని పట్టా యొక కుటుంబమునకు పొలము నిచ్చును. అడవిని గూర్చి ఊరివారందఱు కూడి నిర్ణయించుకొను అధికారమును సామూహికహక్కు మాత్రమే యీయగలదు. అధికారులు తమ శాస్త్రజ్ఞానమును, గ్రామస్థులు తమ అనుభవమును తెచ్చి యొకే చాపపై సమానముగా గూర్చుండవలెను. మా విద్యార్థులలో రేపు అధికారులగువా రుందురు. ఉత్తరువు వ్రాయుటకు ముందు గ్రామసభలో గూర్చుండి వినుట వారు మఱవకుందురు గాక!