సున్నం కింద ఏముందో ఎవరు చెప్పాలి?

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మనం ఏమేం చూస్తాం? మంచినీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, వంటింటి గట్టు ఏ వైపుంది, ఈశాన్యంలో బరువేమైనా ఉందా, బట్టలు ఆరేసుకోవడానికి చోటుందా... ఇవే కదా! ఓనరుగారు మనల్ని అడిగేవి మాత్రం తక్కువా? మీరేవిట్లు, నీచు వండుతారా, పిల్లలెంతమంది, చుట్టాలు ఎక్కువగా వస్తారా? గోడలకు మేకులు కొట్టకూడదని ముందే చెప్తారు. ఇన్ని మాటల్లో "ఇంతకుముందు ఈ ఇంట్లో ఏం జరిగేది?" అన్న మాట మనమూ అడగం, వాళ్లూ చెప్పరు. ఆ ఒక్కటీ అడగనందుకు నేను పడ్డ అవస్థ మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా వారికి బదిలీ అయి హైదరాబాదు శివార్లలో, ఫ్యాక్టరీలకు దగ్గరగా ఒక ఇల్లు తీసుకున్నాం. కొత్తగా సున్నం కొట్టి, తలుపులకు రంగులేసి ఇల్లు కళకళలాడుతోంది. చుట్టుపక్కల ఇళ్లకంటే అద్దె కూడా తక్కువే. మన అదృష్టం అనుకుని పాలు పొంగించుకున్నాం. నెల తిరక్కముందే వెనకగది గోడ మీద పసుపుపచ్చటి చారలు సున్నంలోంచి పైకి తేలాయి. మధ్యాహ్నం ఎండ తగిలితే ముక్కు మండే ఘాటు. బాత్రూంలో నీళ్లు పోయే చోట గచ్చు ఎవరో కొరుక్కు తిన్నట్టుంది. ఆ గదిలో పడుకునే మా చిన్నవాడికి ఎడతెగని దగ్గు, కళ్ల మంటలు.

నేనేం చేశాను? ఆడదాన్ని కదా, ఇల్లు శుభ్రంగా లేకపోతే తప్పు నాదే అనుకున్నాను! ఫినాయిలు పోశాను, సోడా కలిపాను, పనమ్మాయి చేత గోడంతా రుద్దించాను. మూడోనాటికి ఆ పిల్ల అరచేతులు ఎర్రగా పొక్కిపోయాయి. "అమ్మా, ఆ గోడ నేను ముట్టుకోను, కావాలంటే జీతం కోసుకోండి" అంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి ఎదురింటి పెద్దావిడ చెప్పింది. "ఇదివరకు అందులో ఏవో మందులు కాచేవాళ్లమ్మా. రాత్రిపూట డ్రమ్ములు దిగేవి. ఓ రోజు పోలీసులొచ్చి అంతా ఎత్తుకెళ్లారు. మీ ఓనరు చెప్పలేదా?"

ఓనరుగారిని అడిగితే "అదెప్పటి మాటో! సున్నం వేయించాంగా" అన్నారు. మా వారు పోలీసుల దగ్గరికి వెళ్తే సరుకు పట్టుకోవడం, కేసు పెట్టడం వరకే తమ పని అన్నారు. మునిసిపాలిటీలో అది తమ కిందకు రాదన్నారు. ఎక్కడ పరీక్ష చేయించుకోవాలో చెప్పిన పుణ్యాత్ములు లేరు. మా వాడి దగ్గు ఆ గోడ వల్లేనని నేను రుజువు చేయలేను. కాదని కూడా ఎవరూ రుజువు చేయలేరు. ఎందుకంటే ఆ గోడను ఎవరూ పరీక్షించలేదు.

ఇది నా ఒక్కదాని గోడేమీ కాదు. 2025 సెప్టెంబరులో సికింద్రాబాదు బోయినపల్లిలో ఏకంగా ఒక స్కూలు భవనంలోనే అల్ప్రాజోలం తయారుచేస్తుంటే తెలంగాణ 'ఈగల్' పోలీసులు పట్టుకున్నారు. ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే మందే అది. దాన్నే దొంగచాటుగా తయారుచేసి కల్తీకల్లులో కలుపుతారు. పిల్లలు పాఠాలు చదువుకునే కప్పు కిందే ఈ వంటకం! అదే నెలలో చర్లపల్లి పారిశ్రామికవాడలో మెఫెడ్రోన్ తయారీని మహారాష్ట్ర పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఎన్ని కిలోలు, ఎన్ని కోట్లు, ఎంతమంది అరెస్టు... అన్నీ పేపర్లో చదివాం. తర్వాత ఆ గదులను ఎవరు కడిగారు, దేనితో కడిగారు అన్నది మాత్రం నా కంటికి ఎక్కడా కనిపించలేదు.

రసాయనాలు గోడకెలా పడతాయని అనుమానం రావచ్చు. వంటింట్లో రోజూ నూనె కాగితే గోడకు, ఫ్యాను రెక్కలకు జిడ్డు పట్టదూ? ఇదీ అంతే. మందు కాచేటప్పుడు లేచిన ఆవిర్లు గోడకీ, పైకప్పుకీ, కర్టెన్లకీ, పరుపులకీ పడతాయి. మిగిలిన నీళ్లు తూములోకి, పెరట్లోకి పోతాయి. జిడ్డు కంటికి కనిపిస్తుంది, ఇది చాలాసార్లు కనిపించదు. నేల మీద పాకే పిల్లలు, చెయ్యి నోట్లో పెట్టుకునే పిల్లలు ముందు దీని బారిన పడతారు.

మా ఆడపడుచు వాళ్లు అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఇల్లు కొనుక్కున్నారు. అక్కడ మెథాంఫెటమిన్ అనే మత్తుమందును ఇళ్లలోనే కాచే జాడ్యం ఒకప్పుడు బాగా ఉండేది. అందుకని ఇల్లు అమ్మేవాళ్లు, అందులో అలాంటి తయారీ జరిగిందని తమకు తెలిస్తే కాగితం మీద రాసివ్వాలి. పద్ధతి ప్రకారం శుభ్రం చేయించి ఉంటేనే మినహాయింపు. కొనేవాళ్లకు పరీక్ష చేయించుకునే హక్కు ఉంది. "వదినా, ఇక్కడ ఇంటికి కూడా జాతకం చూస్తారు" అని ఫోన్లో నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. గోడ మీద పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు చోటును తడిపిన గాజుగుడ్డతో తుడిచి లాబొరేటరీకి పంపుతారు. ఎంత మందు అంటుకుందో లెక్క తేలుతుంది. శుభ్రం చేయడానికీ వరస ఉంది. 2009లో అమెరికా పర్యావరణ సంస్థ దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు బాగా గాలి ఆడనిచ్చి, కార్పెట్లు, పరుపుల్లాంటి పీల్చుకునే వస్తువులు తీసి పారేయాలి. తర్వాత సబ్బునీళ్లతో పైకప్పు నుంచి నేల దాకా మళ్లీ మళ్లీ కడగాలి. ఇదంతా తగిన చేతితొడుగులు, ముసుగులు ఉన్నవాళ్లు చేయాలి. మళ్లీ పరీక్ష చేయాలి. రంగు వేసేది ఆఖర్న. మన దగ్గర మొదట వేసేదీ రంగే, ఆఖర్న వేసేదీ రంగే!

ఇలా చేయకపోతే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక ఇంట్లో మెథాంఫెటమిన్ తయారీని 2013లో పోలీసులు పట్టుకున్నారు. ఆ సంగతి తెలియని ఒక కుటుంబం ఆ ఇల్లు కొనుక్కుంది. పిల్లలకు దగ్గు, ఆయాసం, నిద్రపట్టకపోవడం, ప్రవర్తనలో మార్పు. పరీక్షిస్తే వాళ్ల తలవెంట్రుకల్లో ఆ మందు కనిపించింది. వాళ్లు కాచిందీ లేదు, తాగిందీ లేదు. ఆ ఇంట్లో ఉండడమే వాళ్లు చేసిన పని.

అలాగని భయంతో పరుగులు పెట్టమని నేననను. న్యూజిలాండులో ఆ పొరపాటే జరిగింది. గోడల మీద కాస్త ఆనవాలు కనిపిస్తే చాలు, ప్రభుత్వ ఇళ్లలో ఉండే బీదవాళ్లను ఖాళీ చేయించారు. 2018లో ప్రధానమంత్రికి శాస్త్ర సలహాదారైన పీటర్ గ్లక్‌మన్ నివేదిక ఇచ్చారు. ఎవరో పీల్చినందువల్ల మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్లతో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు హాని జరిగిందనడానికి ఆధారాల్లేవని అందులో తేల్చారు. తయారుచేసిన ఇల్లు వేరు, పీల్చిన ఇల్లు వేరన్నమాట. సుమారు 800 మంది అద్దెదారులు నష్టపోయారని ఒప్పుకుని ఆ గృహనిర్మాణ సంస్థ క్షమాపణ చెప్పింది. పరీక్ష లేకపోయినా, పరీక్షను తప్పుగా వాడినా వీధిన పడేది అద్దెకున్నవాళ్లే!

మన చట్టమేమంటోంది? 1985 నాటి మత్తుమందుల చట్టంలో, తెలిసి ఇల్లిచ్చిన యజమానికి శిక్ష ఉంది. పట్టుబడ్డ సరుకును ఎలా నాశనం చేయాలో కూడా ఉంది. అది కాగిన గోడ సంగతి ఎవరికీ పట్టలేదు. 2025 జూలైలో కలుషిత స్థలాల గురించి కేంద్రం నిబంధనలు తెచ్చింది. మంచిదే. కానీ అవి విషంతో పాడైపోయిన పెద్ద పెద్ద స్థలాలను తలచుకుని రాసినట్టున్నాయి గానీ రెండు గదుల పోర్షన్‌ను కాదు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఇంట్లో ఏయే రసాయనాలు దొరికాయో పోలీసులు మునిసిపాలిటీకి రాసివ్వాలి. తెలిసినవాళ్లు వచ్చి చూసి, కడిగించి, ఫరవాలేదని సంతకం పెట్టేదాకా ఆ ఇంటికి టులెట్ బోర్డు కట్టనివ్వకూడదు. ఖర్చు నేరం చేసినవాడి దగ్గర వసూలు చేయాలి. అద్దె కాగితంలో ఆ సంగతి ఒక్క లైను రాయాలి. తెలియక చేరినవాళ్లకు అడ్వాన్సు అణా పైసలతో తిరిగివ్వాలి. ముఖ్యంగా ఆ గోడను ఏ పనమ్మాయి చేతో వట్టి చేతులతో తోమించకూడదు.

"కాగితాలదేముంది, మనుషులు నిజం చెప్తే చాలదా?" అని మీరనవచ్చు. నేనూ అలాగే అనేదాన్ని. మేం ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు, సామాను లారీకెక్కుతుండగా ఒకమ్మాయి చంకలో పిల్లాడితో ఇల్లు చూడ్డానికొచ్చింది. ఓనరుగారు పక్కనే నిలబడి ఉన్నారు. మా అడ్వాన్సు ఇంకా ఆయన జేబులోనే ఉంది. "ఇల్లు బావుందాండీ?" అని అడిగింది. మా వారు నా వంక చూశారు. నేను నేల చూపులు చూస్తూ "నీళ్లు బాగా వస్తాయి" అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. కథలు రాసుకునేదాన్ని, నిజాయితీ గురించి పాత్రల చేత పేజీలకు పేజీలు మాట్లాడించినదాన్ని, నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. అడ్వాన్సు చేతికొచ్చాక మర్నాడు వెళ్లి చెప్దామనుకుంటే ఆ అమ్మాయి ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఆ ఇంట్లో ఎవరు చేరారో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

అందుకే అడుగుతున్నాను. ఒక పసివాడి ఊపిరి నాలాంటి పిరికిదాని మంచితనం మీద ఆధారపడకూడదు. ఆ మాటేదో చట్టమే చెప్పాలి. అది వచ్చేదాకా, ఈసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఈశాన్యంతోపాటు ఈ మాట కూడా అడగండి. ఎదురింటి పెద్దావిడను కూడా అడగండి. పాలు పొంగించకముందే!