మిరపకాయకిచ్చిన రాత్రులు

మిరప కళ్లంలో రాత్రంతా మేలుకోవడం మా దాచేపల్లి మగవాళ్లకు బాగా చేతనవును. మబ్బు కమ్మితే చాలు, లేచి పట్టాలు కప్పుతాం. మంచుకు కాయ రంగు మారుతుందేమోనని తెల్లవారకముందే చేత్తో తడిమి చూస్తాం. 2021లో నల్ల తామరపురుగు పల్నాడు తోటల మీద పడ్డప్పుడు, పూతలో దూరిన నలుసంత పురుగును వెతికి పట్టుకున్నాం. ఇంట్లో ఉయ్యాల్లో పడుకున్న బిడ్డకు ఒళ్లు ఎప్పుడు కాలిందో మాత్రం చూడలేదు. ఏ టీకా ఎప్పుడు వేయించాలో మాలో ఎక్కువమందికి తెలియదు. సాకడం రాదని మేం తప్పించుకోలేం. ఆ పని వచ్చు. బిడ్డల దగ్గరకొచ్చేసరికి పరువు తక్కువ అనుకున్నాం.

తొలికాన్పుకు భార్యను పుట్టింటికి పంపి, ఖర్చుతోపాటు రాత్రి జాగారాలనూ అత్తమామల మీద వేశాం. బారసాలకు అల్లుడి హోదాలో వెళ్లి భోంచేసి వచ్చాం. నెలల తర్వాత ఇంటికొచ్చిన బిడ్డ మమ్మల్ని చూసి ఏడిస్తే, కొత్త కదా అని నవ్వుకున్నామే తప్ప ఆ కొత్త పోగొట్టుకోవాలని చూడలేదు. మా నాన్నల ఎదుట సొంత బిడ్డను ఎత్తుకోవడానికి సిగ్గుపడ్డాం. పెద్దలు దాన్ని మర్యాద అన్నారు. మేమూ కొడుకులకు అదే నేర్పాం.

కోతల కాలం తలుచుకుంటే తల ఎత్తుకోలేను. కాయ కోసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. సాయంత్రానికి వాళ్ల చేతులు భగభగ మండుతుంటాయి, ఎంత కడిగినా ఆ ఘాటు ఒక పట్టాన పోదు. ఆ చేయి బిడ్డ కంటికి తగిలితే ఏమవుతుందో ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆ పూట బిడ్డకు నీళ్లు పోసి, అన్నం కలిపి పెట్టాల్సింది మేమే. మేం సెంటర్లో టీ కొట్టు దగ్గరికి నడిచాం. తీరిక లేదన్నది అబద్ధం. సరుకు గుంటూరు యార్డుకు చేరాక మళ్లీ వానలు పడేదాకా రచ్చబండ మీద గడిపిన వేసవులు ఎన్ని లేవు!

ఇది మా ఒక్క ఊరి సంగతే కాదు. 2024 జాతీయ కాలవినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసిన 15–59 ఏళ్ల ఆడవాళ్లు నూటికి 41 మంది. మగవాళ్లు 21 మందే. 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం పథకాలు వచ్చినప్పుడు బడి పిల్లల డబ్బు తల్లి ఖాతాలో పడింది. తండ్రులం ఏమైపోయామని అరుగుల మీద సణిగాం. మా చేతికిస్తే ఎటు పోతుందో ఊరందరికీ తెలుసు. మా మీద నమ్మకం పోగొట్టుకున్నది మేమే.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడి వీరుల ఉత్సవాల్లో పల్నాటి పౌరుషం తలుచుకుని పొంగిపోతాం. ఆ పౌరుషాన్ని బిడ్డను చంకనేసుకుని వీధిలోకొచ్చిన మగవాడి మీద చూపించాం. ఆడంగి అన్నాం, పెళ్లాం కొంగు పట్టుకు తిరుగుతున్నాడన్నాం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే మా కుర్రాళ్లు అక్కడ బిడ్డలకు స్నానం చేయిస్తున్నారు, డైపర్లు మారుస్తున్నారు, రాత్రుళ్లు భుజాన వేసుకుని జోకొడుతున్నారు. సంక్రాంతికి వచ్చి కారు దిగేముందు మాత్రం బిడ్డను భార్య చేతికిచ్చేస్తున్నారు, అరుగు మీద మేం కూర్చుని ఉంటామని. చేతనైన పనిని వాళ్లచేత మాన్పిస్తున్నది మేమే, ఇప్పటికీ.